పందెము వెనుక పని

2021 సెప్టెంబరు 16వ తేదీన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియములో హర్మిలన్ బైన్స్ అను పంజాబు యువతి 1500 మీటర్ల పరుగును 4 నిమిషముల 5.39 సెకండ్లలో ముగించెను. అంతకు పూర్వము భారతీయ వనిత యెవరును ఆ దూరమును అంత వేగముగా పరుగెత్తి యుండలేదు. 2002లో బూసాన్ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో సునీతా రాణి నెలకొల్పిన 4 నిమిషముల 6.03 సెకండ్ల జాతీయ రికార్డు పందొమ్మిది సంవత్సరములు నిలిచి, ఆ దినమున మన ఊరిలో వెనుకబడినది. రెండింటికిని నడుమ గల అంతరము సెకండులో నూరింట అరువదినాలుగు పాళ్ళు. ‘ఓరుగల్లు’ అని ఒక్కమారు పలుకుటకు పట్టునంత కాలము. హర్మిలన్ తల్లి మాధురీ సింగ్ గూడ అదే బూసాన్ క్రీడలలో 800 మీటర్ల పరుగున రజతపతకము గెలిచినవారే కావున, ఆ దినమున రెండు తరముల కథ యొకటి మన మైదానమున కలిసికొన్నదని చెప్పవచ్చును.

అవి 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు. సెప్టెంబరు 15 మొదలు 19 వరకు ఐదు దినములు జరిగినవి. గెలిచినవారి పేర్లు పత్రికలలో వచ్చినవి, రావలసినవే. మేము ఇప్పుడు చెప్పదలచినది వేరొక విషయము. ఆ 5.39 అను అంకెను దేశమంతయు నమ్మినది గదా, ఆ నమ్మకము ఎట్లు కలిగినది? పందెమునకు ముందును వెనుకను ఎవరెవరు ఏమేమి చేసినచో అట్టి అంకె నిలుచును? రేడియోలో పోటీల వ్యాఖ్యానము వినునపుడు ‘ఫలితము కొరకు వేచియున్నాము’ అని వ్యాఖ్యాత చెప్పి ఊరకుండును. ఆ ఊరకుండిన సమయమున మైదానములో జరుగు పనిని శ్రోతలకు కొంత విప్పి చెప్పవలెనని మా సంకల్పము.

మొదట దూరము సంగతి. హర్మిలన్ ఆ దినమున సెకండునకు సుమారు 6 మీటర్ల వంతున పరుగెత్తినది. ఆ లెక్కను 0.64 సెకండ్లలో సాగు దూరము 4 మీటర్లకు కొంచెము తక్కువ. 1500 మీటర్లనగా 400 మీటర్ల బాటపై మూడు చుట్లును ముప్పాతిక చుట్టును. కాబట్టి, బాట చుట్టునకు ఒక్క మీటరుకు కొంచెము పైగా పొట్టిదై యున్నచో, పందొమ్మిదేండ్ల రికార్డును దాటినది కాళ్ళ బలము గాక బాట కొలతలోని లోపమే యగును! ఒక మీటరనగా పెద్దవాని అడుగు ఒకటి. 400 మీటర్లలో ఒక అడుగు. అందుచేతనే బాట కొలిచి, అది సరియని వ్రాసి సంతకము చేసినవాని పని మాకు పరుగెత్తినవాని పనికి తీసిపోవునట్టిదిగ తోచదు.

ఆ కొలత యెట్లుండునో చూతము. నేడు లోకమంతట వాడుకలో నున్న ప్రమాణపు బాటకు తిన్నని భాగములు రెండు, ఒక్కొక్కటి 84.39 మీటర్లు. రెండు కొనలను కలుపుచు అర్ధవృత్తములు రెండు. లోపలి గట్టు వద్ద వాని వ్యాసార్ధము 36.50 మీటర్లు. గట్టును రాచుకొనుచు ఎవరును పరుగెత్తలేరు గదా! అందుచేత గట్టునకు 30 సెంటీమీటర్లు ఎడముగ, అనగా 36.80 మీటర్ల వ్యాసార్ధముపై కొలత తీయుదురు. తిన్నని భాగములు రెండును కలిసి 168.78, వంపులు రెండును కలిసి 231.22, మొత్తము సరిగా 400. రెండవ వరుస మొదలు గట్టులేక గీత మాత్రమే యుండును గనుక, అక్కడ 20 సెంటీమీటర్ల యెడమునే లెక్కింతురు. ఈ పది సెంటీమీటర్ల భేదమును మరచినవాడు బాటను గీయుటకు తగడు.

400 మీటర్ల పందెమున పరుగుకాండ్రు ఒకరికంటె ఒకరు ముందుగ నిలుచుట చూచి, క్రొత్తగా వచ్చినవారు ‘ఆ చివరివానికి అంత మొగ్గు ఏల?’ అని అడుగుట కద్దు. కళ్ళములో బంతి త్రోలుట చూచినవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. నడుమ గుంజకు దగ్గరనున్న ఎద్దు మెల్లగా చిన్న చుట్టు తిరుగును. వెలుపలి కొననున్న ఎద్దు అదే చుట్టునకు వడివడిగా పెద్ద బారు నడువవలెను. పరుగుబాటలో ఒక్కొక్క వరుస వెడల్పు 1.22 మీటర్లు, అనగా పాతలెక్కను నాలుగడుగులు. ఆ ప్రకారము రెండవ వరుసవానిని 7.04 మీటర్లును, తరువాతి వరుసలవారిని ఒక్కొక్కరిని మరి 7.67 మీటర్ల వంతునను ముందుకు జరుపుదురు. ఎనిమిదవ వరుసకు వచ్చుసరికి అది 53.03 మీటర్లగును. చివరివాడు ముందుగ కనబడునే గాని, వాని దూరమును అదే 400. 1500 మీటర్లకు మాత్రము అందరును లోపలి అంచునకు చేరవచ్చును గనుక, ఎవరు ఎచ్చట నిలిచినను ఒకే దూరము వచ్చునట్లు బయలుదేరు గీతను వంపుగా గీయుదురు. ఆ వంపు కంటికి అందముగ నుండును గాని, దానిని కట్టుట తాడుతోను మేకులతోను చేయు ఓర్పుగల పని.

సింథటిక్ బాటలు రాకమునుపు ఈ పనియంతయు మట్టి మీదనే. నేటికిని మన పల్లెల పాఠశాలలలో అంతే. తెల్లవారకమునుపే నీరు చల్లి, రోలరు లాగి, కొలతాడు పట్టి, ముగ్గుపిండితో గీతలు పోయవలెను. రెండు పందెములు జరుగునప్పటికి ముగ్గు చెదరును, మరల పోయవలెను. వాన చినుకు పడినచో మొదటినుండి ఆరంభము. మా యెరుకలో ఇట్టి గీతలను కంటి అంచనాతోనే బెత్తెడు తేడా రాకుండ పోయగల మార్కర్లును, డ్రిల్లు మాస్టర్లును కలరు. సింథటిక్ బాటపై గీతలు రంగుతో వేసినవి గనుక చెదరవు. కాని సుఖము పూర్తిగా దక్కినదనరాదు. ఒకే బాటపై 800 మీటర్లకు, హర్డిల్సుకు, రిలే పందెములకు వేర్వేరు గుర్తులు రంగురంగులుగ నిండియుండును. ఏ గుర్తు దేనిదో కంఠతా రానివాడు అక్కడ నిలిచినచో అనర్థమే.

హర్డిల్సు మాట వచ్చినది కనుక చెప్పెదము. ఒక్కొక్క వరుసకు పది హర్డిళ్ళు. ఎనిమిది వరుసలకు ఎనుబది. పురుషుల 110 మీటర్ల పందెమునకు వాని యెత్తు 1.067 మీటర్లు, స్త్రీల 100 మీటర్లకు 0.838 మీటర్లు. ఎత్తొక్కటియే గాదు, నడుమ నెడములు వేరు. పురుషులకు 9.14 మీటర్లకొకటి, స్త్రీలకు 8.50 మీటర్లకొకటి. ఒక పందెము ముగిసిన కొలది నిమిషములలో ఎనుబదింటిని ఎత్తి, ఎత్తులు మార్చి, అడుగున నుండు బరువులను గూడ ఆ యెత్తునకు తగినట్లు జరిపి, క్రొత్త గుర్తులపై నిలుపవలెను. బరువు జరుపనిచో కాలు తగిలినను అది పడదు; పరుగుకాడే పడును. ఈ పని చేయువారు సామాన్యముగ కళాశాల విద్యార్థులు. వారి వెనుక చేతిలో కొలబద్ద పట్టుకొని పెద్దవాడొకడు తిరుగుచుండును. వానిని చాదస్తుడని పిల్లలు నవ్వుకొందురు. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో స్త్రీల జిమ్నాస్టిక్సు పోటీనాడు దుముకుటకు పెట్టిన వాల్టు 5 సెంటీమీటర్లు తక్కువ ఎత్తున అమర్చబడినది. పోటీ సగము గడచునంతవరకు అధికారులెవరును కనిపెట్టలేదు. ప్రపంచ విఖ్యాతలైన బాలికలు ఒకరి తరువాత ఒకరు పడిపోయిరి. మరల దుముకుటకు అవకాశమిచ్చిరి గాని, చెదరిన మనస్సులను సరిచేయు కొలబద్ద యెక్కడిది? చాదస్తుడగు పెద్దమనిషి యొకడు ఆనాడు అక్కడ లేకపోయెను.

దూరము తరువాత కాలము. తుపాకి మ్రోతతో పందెము మొదలగును. శబ్దము సెకండునకు సుమారు 340 మీటర్లు సాగును. 400 మీటర్ల పందెమున తుపాకి పట్టినవాడు మొదటి వరుస ప్రక్కన నిలిచినచో, 53 మీటర్ల ముందున్న ఎనిమిదవ వరుసవానికి ఆ మ్రోత సెకండులో ఆరింట ఒక వంతు ఆలస్యముగ వినవచ్చును. ఇది అల్పమని తోచువారు 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సును తలచుకొందురు గాక. 400 మీటర్ల హర్డిల్సులో మన పి.టి. ఉష 55.42 సెకండ్లలో వచ్చెను. కాంస్యపతకము గెలిచిన రుమేనియా వనిత సమయము 55.41. నూరింట ఒక పాలు! దేశమంతయు ఆ ఒక్క పాలును నేటికిని మరువలేదు. అందుచేతనే పెద్ద పోటీలలో పరుగుకాండ్ర వెనుక ఒక్కొక్కరికి ఒక చిన్న లౌడ్‌స్పీకరు అమర్చి, అందరికిని మ్రోత ఒక్కసారియే వినబడునట్లు చేయుదురు. ఆ తీగలను పరచి, ప్రతిదానిని పరీక్షించు మనిషి ఎండలో వంగి పనిచేయుచుండగా చూచినవారు అతనిని ఎలక్ట్రిక్ పనివానిగ తలంతురు. తలంచిననేమి, ఆ నూరవ పాలు అతని చేతిలోనున్నది.

పూర్వము చేతి గడియారములే దిక్కు. మొదటివానికి ముగ్గురు సమయము పట్టుదురు. మూడును వేరైనచో నడిమిది లెక్కకు వచ్చును. నూరు మీటర్ల యావలనున్న తుపాకి మ్రోత విని గడియారము నొక్కినచో అప్పటికే సెకండులో మూడవవంతు దాదాపుగ గడచియుండును గనుక, ‘పొగను చూచి నొక్కుము, మ్రోతను వినకుము’ అని శిక్షణలో మొదటి పాఠముగ చెప్పెడివారు. 1960 రోము ఒలింపిక్సులో మిల్ఖా సింగ్ 400 మీటర్లలో నాలుగవవాడుగ వచ్చినపుడు చేతి గడియారము చూపినది 45.6 సెకండ్లు, విద్యుద్యంత్రము చూపినది 45.73. మనుష్యుని వ్రేలు ఎప్పుడును యంత్రముకంటె కొంచెము ఉదారముగ నుండును. 1977 నుండి 400 మీటర్ల వరకుగల పరుగులలో ప్రపంచ రికార్డులకు పూర్తిగా స్వయంచాలక యంత్రము చూపిన సమయమునే అంగీకరించుచున్నారు.

ఆ యంత్రము తీయు చిత్రము చిత్రమైనదే. సామాన్య ఛాయాచిత్రము ఒక్క క్షణమున స్థలమునంతను చూపును. ముగింపు గీత వద్దనున్న కెమెరా సన్నని చీలికగుండ ఒక్క గీతనే చూచుచు, సెకండునకు వేయిమార్లో అంతకుమించియో దానినే పట్టి, ముక్కలను ప్రక్కప్రక్కన అతికించును. ఆ చిత్రమున ఎడమనుండి కుడికి కనబడునది స్థలము గాదు, కాలము. అందుచే గీతపై నిలిచిపోయిన కాలు బారెడు పొడవుగ సాగి వికారముగ కనబడును. చీకటి గదిలో కూర్చున్న పరిశీలకుడు పరుగుకాని తలను, చేతులను, కాళ్ళను విడిచిపెట్టి మొండెము గీతను తాకిన చోట నిలువుగీత జరిపి సమయము చదువును. వేయింట ఒక పాలు మిగిలినను పై అంకెకే పెంచును. దుముకుటలోను విసరుటలోను అందుకు విరుద్ధముగ మిగిలిన మిల్లీమీటర్లను కొట్టివేసి తక్కువ సెంటీమీటరునే వ్రాయుదురు. రెండు విధములను ఆటగానికే కొంచెము నష్టము. ఈ యేర్పాటు మాకు న్యాయముగనే తోచును. చేయనిదానిని చేసినట్లు వ్రాయుటకంటె చేసినదానిలో వెంట్రుకవాసి తగ్గించి వ్రాయుట మేలు గదా.

గాలికి సైతము కాపలా కలదు. 100, 200 మీటర్ల పరుగులకును, పొడవుదుముకులకును వెనుక గాలి సెకండునకు 2.0 మీటర్లు మించినచో ఆ ఫలితము రికార్డునకు పనికిరాదు. గాలిని కొలుచు యంత్రమును ముగింపు గీతకు 50 మీటర్ల యీవల, బాటకు రెండు మీటర్లలోపల, 1.22 మీటర్ల యెత్తున నిలుపవలెను. 100 మీటర్ల పరుగునకు పది సెకండ్లును, పొడవుదుముకునకు ఐదు సెకండ్లును గాలిని పట్టి చూతురు. ఆ యంత్రమునకు అడ్డముగ తెలియక నిలిచిన వలంటీరు ఒకని వీపు చాలును, లెక్క తారుమారగుటకు.

పొడవుదుముకు గుంటలోని ఇసుక విషయమును చాలమంది గమనింపరు. ఎండిన ఇసుకలో మడమ దిగినపుడు గుంట అంచు జారి వెనుకకు కూలును. దుమికినవాడు ఊరక నాలుగు వ్రేళ్ళ దూరము పోగొట్టుకొనును. మిక్కిలి తడిసినచో గట్టిపడి కీళ్ళు బెణకును. పిడికిట పట్టి విడిచిన ముద్దగ నిలిచి, వ్రేలితో తాకిన విచ్చునంత తడి యుండవలెను. దానిని అట్లుంచుట సెప్టెంబరు ఎండలో గంటగంటకు నీరు చల్లువాని నేర్పు. ఒక్కొక్క దుముకు తరువాత పలుగుపార చదును చేసి, గుంట మట్టము దుమికెడి పలక మట్టమునకు సరిగ నున్నదో లేదో చూడవలెను. గుంట లోతైనచో దుముకు పొడవగును. దుమికినవాడు పలకకు దగ్గరగ ఏ అవయవముతో ఇసుకను తాకెనో అక్కడినుండియే కొలత. కూర్చుండబోయి చేయి వెనుకకు ఆనిన పాపమునకు జానెడు పోగొట్టుకొన్న పిల్లలు ఎందరో!

విసరు పోటీలలోని పని ప్రమాదముతో కూడినది. పురుషుల హామరును, గుండును 7.26 కిలోగ్రాములు, జావెలిన్ 800 గ్రాములు. పోటీకి ముందు ప్రతిదానిని తూచి, కొలిచి, గుర్తు వేసి, సరిగాలేని దానిని ప్రక్కన పెట్టుదురు. పడుచోట పచ్చికపై నిలుచు అధికారులు వస్తువు గాలిలోనుండగా దానినుండి కన్ను త్రిప్పరాదు. పడిన చోట గుర్తు గ్రుచ్చి, వస్తువును చేతితో మోసికొని వెనుకకు తేవలెను. తిరిగి విసరుట నిషిద్ధము. ఒకే సమయమున ఒక మూల జావెలిన్, మరియొక మూల 5000 మీటర్ల పరుగు జరుగుచుండును. వంపులో పరుగుకాండ్రు వచ్చుచున్నారని జెండా ఎత్తి విసరువానిని ఆపువాడు ఒకడుండును. అతడు పరధ్యానముగ నుండినచో ఏమగునో మేము చెప్పనక్కరలేదు.

చుట్లు లెక్కించుట సులభమని తోచును గదా. 10,000 మీటర్లనగా 25 చుట్లు. పదునైదవ చుట్టునకే వెనుకబడినవారిని ముందున్నవారు మరల దాటుచుందురు. ఎవరు ఎన్నవ చుట్టులో నున్నారో చూచువారికి తెలియదు. అందుచే కొందరు పరుగుకాండ్రకు ఒక్కొక్క లెక్కగాని చొప్పున కేటాయించి, ప్రతి చుట్టును కాగితముపై వ్రాయింతురు. చివరి చుట్టునకు గంట కొట్టువాడు ఆ కాగితములను నమ్మియే కొట్టును. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ నాడు లెక్కించువాడు ఏమరగా, పరుగుకాండ్రు ఒక చుట్టు అధికముగ పరుగెత్తిరి. ఫిన్లండు వీరుడు ఇసో హోల్లో ఎట్లును గెలిచెను. కాని 3000 మీటర్ల వద్ద రెండవవాడుగ నున్న అమెరికా యువకుడు మెక్ క్లస్కీ, ఆ అధికపు చుట్టులో వెనుకబడి మూడవవాడయ్యెను. రజతపతకము ఒక పెన్సిలు గీత లేకపోవుటచే చేయిజారినది.

హనుమకొండలో వెనుకబడిన ఆ పాత రికార్డు కథ దీనికంటె బాధాకరము. బూసాన్‌లో 1500 మీటర్లకు స్వర్ణమును, 5000 మీటర్లకు కాంస్యమును గెలిచిన సునీతా రాణి మూత్రపరీక్షలో నిషిద్ధమైన మందు కనబడినదని ప్రకటించి, పతకములు రెండును తీసివేసిరి. ఆమె తాను నిర్దోషినని మొరపెట్టుకొనెను. తిరిగి విచారింపగా పరీక్షశాల పనిలో లోపములున్నట్లు తేలినది. 2003లో పతకములును, రికార్డును ఆమెకు మరల దక్కినవి. ఆ నడుమ నెలలలో ఆమె పడిన అవమానమును ఎవరు తిరిగి తీసికొందురు? పరుగు ఆమెది, దానిని నిలిపినదియు, కూల్చినదియు, మరల నిలిపినదియు ఇతరుల కాగితములు, సీసాలు. పోటీ ముగియగనే క్రీడాకారిణిని వెంటబెట్టుకొని, ఒక్క క్షణము విడువక పరీక్షగదికి తీసికొనిపోవు స్త్రీ అధికారిణి యొకతె యుండును. మూసియున్న పెట్టెలలోనుండి క్రీడాకారిణియే తనకు నచ్చిన దానిని ఎన్నుకొనును. సీసాలు రెండు; ముద్ర వేసి, పేరు లేక అంకె మాత్రమే వ్రాసి పంపుదురు. ఒకటి పరీక్షింపగా అనుమానము వచ్చినచో రెండవదానిని తెరతురు. చూచుటకు గుమాస్తా పనివలె నుండు ఈ పనిలో ఒక అంకె తారుమారైనచో ఒక బ్రతుకు తారుమారగును. స్టేడియమునందలి పనులలో దీనిని మించిన బరువైనది లేదని మా యభిప్రాయము.

ఈ పనులన్నియు చేయువారెవరు? మన రాష్ట్రమున పెక్కుమంది పాఠశాలల, కళాశాలల వ్యాయామోపాధ్యాయులు. పోటీలున్నప్పుడు సెలవు పెట్టియో, డ్యూటీపైననో వచ్చి, మెడలో బ్యాడ్జీ తగిలించుకొని, ఉదయము మొదలు దీపములు వెలిగించు వరకు నిలుతురు. తెలుగున ‘డ్రిల్లు మాస్టరు’ అను మాటను కొంచెము చులకనగ వాడుట మనకు అలవాటు. లెక్కల మాస్టరు వృత్తపరిధిని నల్లబల్లపై చెప్పును. దానిని ఎండలో నేలమీద మిల్లీమీటరు తేడా రాకుండ గీసి చూపువాడు డ్రిల్లు మాస్టరు. వీరికి తోడుగ మైదానమునందే సంవత్సరమంతయు పనిచేయు మార్కర్లు, తోటపనివారు, కాపలాదార్లు. వారిలో ఒక్కరి పేరును ఫలితముల పత్రముపై కనబడదు. అది అట్లే యుండవలెనని వారిలో కొందరు గర్వముగ చెప్పుదురు: మా పేరు బయటికి వచ్చినదనగా ఎక్కడనో పొరపాటు జరిగినదన్నమాటయే.

ఇది మన దేశమునకే పరిమితమైనది గాదు. అమెరికాలో బేస్‌బాల్ మైదానములందు ఆటగాండ్రు రాకమునుపే పనివారు ఎర్రమట్టిని తడిపి దువ్వి, సున్నపు గీతలు వేసి సిద్ధపరుతురు. వాన మబ్బు కనబడగనే పదిహేను ఇరువదిమంది పరుగున వచ్చి పెద్ద కప్పును దొర్లించి మైదానమును మూసివేయుదురు. మన ఉప్పల్ స్టేడియములో క్రికెట్ పిచ్‌ను కాచువారిదియు అదే పరుగు. తేడా యొక్కటే. అక్కడ నష్టమైనచో ఒక ఆట పోవును. ఇక్కడ పల్లెనుండి వచ్చిన పిల్ల యొకతె జీవితకాలములో మరల రాని 55 సెకండ్లు పోవచ్చును.

55 సెకండ్లని ఊరక చెప్పలేదు. వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలమున కల్లెడ గ్రామమునకు చెందిన జీవంజి దీప్తి 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీలలో టి20 వర్గపు 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు సాధించెను. అదే సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సున 55.82 సెకండ్లతో కాంస్యపతకము గెలుచుకొనెను. అక్కడ స్వర్ణమునకును ఆమె కాంస్యమునకును నడుమ గల అంతరము 0.66 సెకండు, మరల ‘ఓరుగల్లు’ అని ఒక్కమారు పలుకునంత కాలమే. మేధోవికాసమున వెనుకబడినదని ఊరివారి మాటలు పడిన ఆ బాలికకు, తన వరుసగీత తనదేయనియు, తన 400 మీటర్లు ఇతరుల 400 మీటర్లతో సమానమనియు నమ్మకము కలిగించినవారు కొలతాడు పట్టినవారే. ఆమెను తీర్చిదిద్దిన గురువులలో 2016లో ద్రోణాచార్య పురస్కారము పొందిన నాగపురి రమేష్ ఒకరు. ఆమెవంటివారు మన జిల్లాలలో ఇంకెందరున్నారో తెలియవలెనన్నచో పల్లె పాఠశాల మైదానములలోని ముగ్గుగీతలు గూడ సరిగ నుండవలెను. గీత తప్పైన మైదానమున వేగము గల పిల్లయును, లేని పిల్లయును ఒక్కటిగనే కనబడుదురు.

హర్మిలన్ రికార్డు సైతము ఇప్పుడు లేదు. 2024 మే నెలలో అమెరికాలో కె.ఎం. దీక్ష 4 నిమిషముల 4.78 సెకండ్లలో పరుగెత్తి దానిని దాటెను. రికార్డుల స్వభావమే అంత. ఒకచోట కొలిచిన కాలమును వేరొక ఖండమున కొలిచిన కాలముతో పోల్చి ‘ఇది మేలు’ అని మనము నిస్సంశయముగ చెప్పగలుగుట, హనుమకొండలోను అక్కడను బాట ఒకే కొలతగ నుండుటచేతనే.

పోటీల దినమున సాయంకాలము ఆటగాండ్ర బస్సులు వెడలిపోయిన తరువాత మైదానమున రెండవ పని ఆరంభమగును. హర్డిళ్ళను లెక్కపెట్టి పేర్చుదురు. తీగలు చుట్టుదురు. కెమెరాపై కప్పు వేయుదురు. హైజంపు పరుపులు మంచుకు తడియకుండ మూయుదురు. ఇసుకపై పట్టా పరచి అంచులకు రాళ్ళు పెట్టుదురు; లేనిచో రాత్రి కుక్కలు వచ్చి పండుకొనును. నడకపందెములు, దూరపు పరుగులు ఎండ ముదురకమునుపే జరుపవలెను గనుక మరునాడు తెల్లవారుజామునకే గేటు తెరువవలసి యుండును. కావలివానికి చెప్పి, నీళ్ళ గొట్టము ఎక్కడ చుట్టిపెట్టినది చూచుకొని, మార్కరు సైకిలెక్కును.